వెడల్పు టైర్లతో వచ్చిన పాత ఎంజీబీ: ఒక కేస్ స్టడీ

"కొత్త టైర్లు వేయించినప్పటి నుంచి ఈ బండి తోలాలంటే భయంగా ఉందండీ" అంటూ తాళాలు నా చేతిలో పెట్టారాయన. 1967 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు తెరిచే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, స్పోక్ చక్రాలు. పన్నెండేళ్లుగా ఆయన దగ్గరే ఉంది. బండిని అద్దాల గదిలో దాచిపెట్టే మనిషి కాదు, నెలకు రెండుసార్లు దూరప్రయాణం చేస్తారు, వాన పడినా తీస్తారు. అంతకుముందున్న 165 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లకు పక్కలు పగుళ్లు తేలడంతో మార్చాల్సి వచ్చింది. వెడల్పు టైరైతే రోడ్డు పట్టు బాగుంటుందని చెప్పి, టైర్లు వేసినచోట 195/60 ఆర్ 14 ఎక్కించారు. 195 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 60 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, ఆర్ అంటే రేడియల్, 14 అంటే అంగుళాల్లో రిమ్ము.

ఆయన చెప్పిన బాధలు నాలుగు. నిలబెట్టినచోట స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు నొప్పెడుతున్నాయి. రోడ్డు పొడవునా గాడి ఉంటే బండి దాని వెంటే పోతోంది. వెనక ఇద్దరి సామాను వేస్తే ఎడమ చక్రం మడ్‌గార్డుకి రాసుకుంటోంది. అన్నిటికన్నా పెద్దది, తడిరోడ్డు మీద మామూలు మలుపులో వెనకభాగం చెప్పాపెట్టకుండా పక్కకు పోయింది. "పాత టైర్లు కూడా జారేవి కానీ ముందే తెలిసేది" అన్నారు. ఆ ఒక్క మాటలోనే ఈ కేసు మొత్తం ఉంది. పాత కారుకు టైరు ఎంచేటప్పుడు అందరం పట్టు ఎంత అని అడుగుతాం. ఆ పట్టు వదిలేటప్పుడు ఎలా వదులుతుందో అడగం. డ్రైవరును కాపాడేది ఆ రెండోదే అని నా నమ్మకం, ఈ బండి దాన్ని ఇంకాస్త గట్టిపరిచింది.

మొదటిరోజు నేను నడిపి చూశాను. స్టీరింగ్ కొద్దిగా తిప్పితే ఏమీ జరగలేదు, ఇంకాస్త తిప్పేసరికి ముక్కు ఒక్కసారిగా పక్కకు లాగింది. గంటకు డెబ్బై దగ్గర స్టీరింగ్ చక్రం వణికింది. ఇంటికి తీసుకెళ్లి, టైర్లు చల్లారాక చేసిన మొదటి పని గాలి చూడడం. నాలుగింటిలోనూ 32 పీఎస్‌ఐ ఉంది. ఇప్పటి కార్లకు పెట్టే గాలి అది. ఈ మోడలుకు 165 రేడియల్ వేస్తే కంపెనీ పుస్తకంలో ఉన్నది ముందు 21, వెనక 24.

టైర్ల మీద నింద వేసే ముందు

టైరు మార్చి బండి బాగైందనుకోవడం చాలా తేలిక, ఎందుకంటే టైర్లతోపాటు బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు, గాలి అన్నీ ఒకేరోజు మారిపోతాయి. దేనివల్ల ఏం బాగైందో ఎవరికీ తెలియదు. అందుకని ఉన్న టైర్లతోనే బండిని ముందు సరిచేసి, అప్పుడు మళ్లీ నడిపి చూడాలని పట్టుబట్టాను. ఆయన ఒప్పుకున్నారు.

ఎంజీబీ ముందు సస్పెన్షన్‌లో షాక్ అబ్సార్బరు పాత తరహా లివర్ ఆర్మ్ రకం. దాని చేయే పైన విష్‌బోన్‌గా, అంటే చక్రాన్ని పట్టి ఉంచే ఆర్ముగా, కూడా పనిచేస్తుంది. అంటే దాని బేరింగు వదులైతే కుదుపును అణచడం తగ్గడంతో ఆగదు, చక్రం నిటారుగా నిలబడే కోణమే మారిపోతుంది. ఎడమవైపు దానిలో నూనె సగం లేదు, సీలు దగ్గర తడి. కింది ఆర్ముల రబ్బరు బుష్‌లు నూనె తాగి ఉబ్బి మెత్తబడ్డాయి. ముందు చక్రం పక్కకు తిరిగే కీలైన కింగ్‌పిన్‌లో వదులు చేతికి తెలిసేంత ఉంది కానీ మార్చాల్సినంత లేదు, గ్రీజు పట్టించాక చాలామటుకు పోయింది.

తరువాత చక్రాలు. స్పోక్ చక్రం స్ప్లైన్ల మీద, అంటే హబ్బు చుట్టూ ఉండే పళ్ల మీద, కూర్చుంటుంది. బండిని జాకీ మీద లేపి, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఆడించి చూడాలి. టక్కుమంటే స్ప్లైన్లు అరిగినట్టే. ఇక్కడ అవి బాగానే ఉన్నాయి. స్పోకులను మాత్రం చిన్న స్పానర్‌తో ఒక్కొక్కటే తడుతూ పోయాను. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది చెక్కను తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. ముందు కుడి చక్రంలో అరవై స్పోకులకు నాలుగు మొద్దుగా పలికాయి. డయల్ గేజ్ పెడితే రిమ్ము పక్కకు రెండున్నర మిల్లీమీటర్లు ఊగుతోంది. డెబ్బై దగ్గర వణుకు ఎక్కణ్నుంచి వస్తోందో తెలిసిపోయింది.

ముందు టైర్ల మీద అరచేయి పెట్టి అడ్డంగా నిమిరాను. బయటి నుంచి లోపలికి నిమిరితే నున్నగా ఉంది. లోపలి నుంచి బయటికి వస్తే ట్రెడ్ బ్లాకుల అంచులు రంపపు పళ్లలా తగిలాయి. టో-ఇన్ ఎక్కువైనప్పుడు వచ్చే గుర్తు ఇది. ముందు చక్రాలు రెండూ లోపలికి చూస్తూ, రోడ్డు మీద పక్కకు ఈడ్చుకుంటూ పోతాయి, ప్రతి బ్లాకుకీ బయటి అంచు అరిగి లోపలి అంచు పదునుగా మిగులుతుంది. మెషిను ఎక్కించకముందే చేయి చెప్పేసే విషయాల్లో ఇదొకటి. కొలిస్తే 5 మిల్లీమీటర్లు వచ్చింది, ఉండాల్సింది 1.6 నుంచి 2.4.

షాక్ అబ్సార్బరు బాగుచేయించి, బుష్‌లు మార్చి, రిమ్ము ఊగుడు ఒక మిల్లీమీటరు లోపుకు తెచ్చి, టో-ఇన్ 1.6కు కట్టి, అవే 195 టైర్లతో మళ్లీ నడిపాను. వణుకు పోయింది. గాడి వెంట పరుగు తగ్గింది కానీ పోలేదు. స్టీరింగ్ బరువు అంతే. తడిలో తోక జారడం అంతే. మిగిలిన ఈ మూడింటికీ టైరే జవాబు చెప్పాలి.

195/60 ఎక్కడ తేడా కొట్టింది

ఈ బండి స్పోక్ రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలు. 165 టైరుకు అది చక్కగా సరిపోయే కొలత. 195/60 టైరుకు కనీసం ఐదున్నర అంగుళాల రిమ్ము కావాలి. ఎక్కించడానికి ఎక్కుతుంది, గాలి పడుతుంది, చూడ్డానికి నిండుగా కూడా ఉంటుంది. కానీ రెండు బీడ్లనూ, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచులను, దగ్గరకు నొక్కేసరికి పక్కగోడలు లోపలికి వాలి, ట్రెడ్ మధ్యలో గుబ్బలా పైకి లేస్తుంది. మీద 32 పీఎస్‌ఐ గాలి.

సుద్దతో ట్రెడ్ మీద అడ్డంగా మందమైన గీతలు గీసి, సిమెంటు నేల మీద బండిని నిదానంగా తిన్నగా నడిపించాను. వెనక టైర్ల మీద సుద్ద మధ్యలో నాలుగువేళ్ల వెడల్పు మాత్రమే చెరిగింది. రెండు పక్కలా తెల్లగా అలాగే ఉంది. వెడల్పు టైరని వేయించుకున్న టైరు నేలను తాకుతున్నది పాత 165 కన్నా తక్కువ వెడల్పుతో! ఆయన్ని పిలిచి చూపించాను. కాసేపు వంగి ఆ తెల్లటి గీతలనే చూస్తూ ఉండిపోయారు.

అయితే గాలి తగ్గిస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. 24కు తగ్గించి చూశాను. సుద్ద కాస్త ఎక్కువ వెడల్పున చెరిగింది. కానీ లోపలికి వాలిన పక్కగోడలకు పక్కబలం తక్కువ, గాలి కూడా తగ్గేసరికి రిమ్ము ఒకచోట, ట్రెడ్ ఒకచోట అన్నట్టు ఊగింది. స్టీరింగ్ తిప్పిన తరువాత ఒక క్షణం ఆగి ముక్కు కదలడం, అదీ అతిగా కదలడం, ఇక్కడి నుంచే వస్తోంది.

ఇక చుట్టుకొలత. 165/80 ఆర్ 14 టైరు వ్యాసం దాదాపు 620 మిల్లీమీటర్లు, 195/60 ఆర్ 14ది 590. ఐదు శాతం తేడా. స్పీడోమీటరు నిజం కన్నా ఐదు శాతం ఎక్కువ చూపిస్తుంది, ఇంజను అదే వేగానికి అంత ఎక్కువ తిరుగుతుంది, బండి పదిహేను మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అసలే కిందికి వేలాడే సైలెన్సరు ఉన్న బండికి ఆ పదిహేను కూడా లెక్కే.

అప్పటి సస్పెన్షన్ అడిగే టైరు

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్లాలి, ఎందుకంటే పాత బండ్ల టైర్ల గురించి వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఇది తెలియక వచ్చేవే.

ఎంజీబీ 1962లో బయటికి వచ్చినప్పుడు దాని కింద ఉన్నవి 5.60-14 క్రాస్‌ప్లై టైర్లు. రేడియల్ అప్పటికే ఉంది. మిషెలిన్ 1946లో పేటెంటు తీసుకుని 1949లో అమ్మకానికి తెచ్చింది. అయినా అరవైల్లో చాలా కార్ల సస్పెన్షన్‌ను గీసింది క్రాస్‌ప్లైని మనసులో పెట్టుకునే. క్రాస్‌ప్లైలో దారపు పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ బీడు నుంచి బీడు దాకా పోతాయి, పక్కగోడా ట్రెడ్డూ ఒకే ముద్దలా కలిసి కదులుతాయి. రేడియల్‌లో పక్కగోడ దారాలు అడ్డంగా పోతాయి, ట్రెడ్ కింద బెల్టులు విడిగా ఉంటాయి. పక్కగోడ వంగినా ట్రెడ్ నేలమీద చదునుగా పరుచుకుని ఉంటుంది.

మలుపులో ఏ టైరైనా తాను చూసే దిక్కుకూ, నిజంగా పోయే దిక్కుకూ మధ్య కొంత కోణం ఉంచుకునే పనిచేస్తుంది. స్లిప్ యాంగిల్ అంటే ఇదే. జారిపోవడం కాదు, రబ్బరు మెలితిరగడం. ఆ మెలికలోంచే పక్కబలం పుడుతుంది. క్రాస్‌ప్లై అదే బలం ఇవ్వడానికి ఎక్కువ కోణం తీసుకుంటుంది, అంచు దాకా తీరికగా వెళ్లి తీరికగా వదిలేస్తుంది. రేడియల్ తక్కువ కోణంలోనే ఎక్కువ బలం ఇస్తుంది. పక్కగోడ పొట్టిదై, ట్రెడ్ వెడల్పయ్యేకొద్దీ ఆ అంచు ఇంకా ముందుకు జరుగుతుంది, వదిలేది కూడా గబుక్కున వదులుతుంది. ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై ఎప్పుడూ వేయకూడదని పాత మెకానిక్కులు అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ముక్కు పట్టుకుని తోక వదిలేస్తుంది. అన్నీ ఒకటే రకం వేయడం మంచిది. తప్పనిసరై కలపాల్సి వస్తే రేడియల్ వెనకే ఉండాలి.

ఇప్పుడు చక్రం నిలబడే తీరు చూడండి. ఈ బండికి ముందు చక్రాల క్యాంబరు కంపెనీ లెక్కలో ఒక డిగ్రీ పాజిటివ్, అంటే చక్రాల పైభాగం కాస్త బయటికి వాలి ఉంటుంది. మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటిపక్క చక్రం ఇంకా బయటికి వాలుతుంది. సన్నటి, భుజాలు గుండ్రంగా ఉన్న టైరు ఈ వాలుడును తట్టుకుంటుంది. చదునైన వెడల్పు ట్రెడ్ తట్టుకోలేదు. పీటను కాస్త వంచితే ఒక అంచు మీదే నిలబడుతుంది, కుండను ఎటు వంచినా నేలకు ఆనే చోటు అంతే ఉంటుంది. ఇప్పటి కార్ల సస్పెన్షన్ చక్రాన్ని నిటారుగా పట్టి ఉంచేలా గీసినది కనుక వాటికి పీట లాంటి టైరు నప్పుతుంది. ఈ బండికి కుండ కావాలి.

ఇంకోటి క్యాస్టరు, అంటే కింగ్‌పిన్ వెనక్కి వాలిన కోణం. చక్రం తనంతట తాను తిన్నబడేలా చేసేది అదే. ఎంజీబీకి అది ఏడు డిగ్రీలు, బాగా ఎక్కువ. పవర్ స్టీరింగు లేదు. ఏ టైరైనా తన అంచుకు చేరబోయే ముందు స్టీరింగును వెనక్కి లాగే బలం తగ్గుతుంది, చేతికి తేలికవుతుంది. డ్రైవరుకు అందే మొదటి హెచ్చరిక అదే. ఏడు డిగ్రీల క్యాస్టరు తన వంతు బరువును ఎప్పుడూ చేతి మీద వేసే ఉంచుతుంది కాబట్టి ఆ తేలికదనం ఈ బండిలో సన్నగానే తెలుస్తుంది. వెడల్పు టైరు బరువు కూడా తోడైతే ఆ సన్న కబురు పూర్తిగా మునిగిపోతుంది. "ముందే తెలిసేది" అని ఆయన అన్నది దీన్నే. క్యాస్టరు తగ్గించే మార్పు చేసేవాళ్లు ఉన్నారు, ఫలితం కూడా ఉంటుంది. బండిని కంపెనీ తీరులోనే ఉంచాలని ఆయన కోరిక, అందుకని దాని జోలికి పోలేదు.

ఏ టైర్లు చూశాం

క్రాస్‌ప్లైని మొదట్లోనే పక్కన పెట్టాను. ప్రదర్శనకు నిలబెట్టే బండికైతే అందం, అసలుదనం. వానలో దూరం పోయే మనిషికి, ఎంత ముచ్చటగా ఉన్నా, నేను చెప్పలేను.

185/70 ఆర్ 14 అంటే నాకు మొగ్గు ఉండేది. వ్యాసం 615, స్పీడోమీటరుకు పెద్ద తేడా రాదు. ఐదు అంగుళాల రోస్టైల్ చక్రాలున్న తరువాతి ఎంజీబీలకు అది వేసి నేను తృప్తిపడ్డాను కూడా. అదే నమ్మకంతో ఈ బండికీ ముందుగా అదే చెప్పాను. తొందరపడ్డాను. నాలుగున్నర అంగుళాల రిమ్ము దానికి అట్టడుగు హద్దు. పరీక్షకు తెచ్చిన జత వెనక బిగించి, ఇద్దరు మనుషుల్నీ సామానూ వేసి గుంతలో దింపితే, ఎడమవైపు మడ్‌గార్డు అంచు మీద పూసిన సుద్ద చెరిగింది. కుడివైపు వేలు పట్టేంత సందు ఉంది. రెండు పక్కలా సందు సమానంగా లేని బండ్లు ఇవి, ఒకవైపు కొలిచి సరేననుకోకూడదు.

మిగిలినవి రెండు. ఒకటి ఇప్పటి మామూలు టూరింగ్ రకం 165/80 ఆర్ 14. రెండోది పాత డిజైనుతోనే ఇప్పుడు మళ్లీ తయారవుతున్న 165 రేడియల్. ఆ కాలపు ట్రెడ్ గీత, గుండ్రటి భుజం, ఎత్తైన పక్కగోడ. రబ్బరు మాత్రం కొత్తది. రెండింటికీ బరువు సూచిక 84, అంటే చక్రానికి 500 కిలోలు. మనుషులూ సామానూ కలిపినా ఈ బండిలో ఒక్కో చక్రం మీద పడేది మూడొందల లోపే కనుక దాని గురించి ఆలోచించక్కర్లేదు. వేగానికి ఒకటి టీ, అంటే గంటకు 190, రెండోది హెచ్, 210. బండి ఎంత తొక్కినా 170 దాటదు. హెచ్ అని ఉన్నంత మాత్రాన బాగా తిరుగుతుందని అనుకోవద్దు. అది వేగానికి వేడిని తట్టుకునే లెక్క.

మైదానంలో ఒక రోజు

అనుమతి తీసుకున్న ఖాళీ కాంక్రీటు మైదానంలో ముప్పై మీటర్ల అర్ధవ్యాసంతో గుండ్రం గీసి, కోన్లు పెట్టి, ఒకే ఉదయం మూడు సెట్లూ మార్చి మార్చి నడిపాను. వేగం జీపీఎస్‌తో చూశాం, టైరు వ్యాసం మారితే స్పీడోమీటరు అబద్ధం చెబుతుంది కనుక. గుండ్రంలో వేగం కొంచెం కొంచెంగా పెంచుతూ, గీత మీద నిలబడగలిగిన చివరి వేగం రాసుకోవడం. పొడిలో అయ్యాక నీళ్లు కొట్టి మళ్లీ.

పొడిలో 195 గెలిచింది. గంటకు 54. టూరింగ్ 165కు 52, పాత డిజైను 165కు 52. ఈ అంకె ఒక్కటే చూసి ఉంటే ఆ టైర్లు వేసినవాళ్ల మాటే నిజమనాలి. కానీ 53 దాకా 195 ఏమీ చెప్పలేదు, 54 దాటగానే ముక్కు గీత వదిలి రెండు మీటర్లు బయటికి పోయింది. దిగి చూస్తే బయటి ముందు టైరు భుజం అంచు మాత్రమే మసిబారి వేడెక్కి ఉంది, లోపలి సగం తాకితే దాదాపు చల్లగానే ఉంది. పీట అంచు మీద నిలబడిందన్నమాట.

తడిలో లెక్క తిరగబడింది. 195కు 41, అదీ వెనకభాగం ఒక్కసారిగా పోవడంతో. టూరింగ్ 165కు 44. పాత డిజైనుకు 43.

కాగితం మీద టూరింగ్ టైరే సరైనది. ఒక కిలోమీటరు ఎక్కువ, తేలిగ్గా దొరుకుతుంది. చాలామందికి అదే చెబుతాను కూడా. కానీ ఈ రెండు 165లూ అంచుకు చేరిన తీరులో తేడా ఉంది. టూరింగ్ టైరు మెత్తగా, మర్యాదగా వెళ్లి ముక్కు నుంచి జారింది. భయం లేదు, కానీ చేతికి కబురు తక్కువ. పాత డిజైనులో 40 దగ్గరే స్టీరింగ్ బరువు సన్నగా తగ్గడం మొదలైంది. 41 దగ్గర వెనకభాగం నిదానంగా, తలుపు తెరుచుకున్నట్టు, పక్కకు జరగడం నడుముకు తెలిసింది. యాక్సిలరేటరు మీద కాలు కొంచెం తేలిక చేస్తే మళ్లీ గీత మీదికి వచ్చింది. 43 దాకా అలా పట్టి ఉంచగలిగాను. ఆయన్ని కూచోబెట్టి తోలమన్నాను. నాలుగు చుట్లు తిరిగి, కిటికీ లోంచి తల బయటపెట్టి, "ఇదండీ, నా బండి ఇది" అన్నారు.

దాంతో నిర్ణయం అయిపోయింది.

గాలి దగ్గర పట్టిన టైము

టైరు ఎంచాక సగం పని గాలిలో ఉంది. పుస్తకంలోని 21, 24తో మొదలుపెట్టాం. మెత్తగా, హాయిగా ఉంది కానీ దిక్కు మార్చినప్పుడు కాస్త బద్ధకం. నేను 28, 30కి పెంచాను. స్టీరింగ్ తేలికైంది, జవాబు చురుకైంది. గతుకుల మలుపులో మాత్రం వెనకభాగం ఎగిరి ఎగిరి పక్కకు జరిగింది. వెనక కమాను కట్టల మీద గట్టి ఇరుసు ఉన్న బండి ఇది. టైరు తీసుకోవాల్సిన కుదుపును టైరు తీసుకోకపోతే మొత్తం ఇరుసే లేస్తుంది. రెండేసి తగ్గించుకుంటూ వచ్చి, ముందు 24, వెనక 26 దగ్గర ఆగాను. సుద్ద ట్రెడ్ అంతటా సమానంగా చెరిగింది.

వెనక ఎప్పుడూ ముందు కన్నా రెండు ఎక్కువ ఉండాలని ఆయనకు గట్టిగా చెప్పాను. ఆ రెండు తిరగబడితే ఈ బండి స్వభావమే తిరగబడుతుంది, ముక్కు ముందు పట్టుకుని తోక వదులుతుంది. గాలి చల్లగా ఉన్నప్పుడే, ప్రయాణానికి ముందే చూడాలి. గాలి పట్టేచోట గేజిని నమ్మకుండా ఒక మంచి గేజి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకున్నారాయన.

బిగింపులో చూసుకున్నవి

ఇలాంటి పాత స్పోక్ చక్రానికి ట్యూబు తప్పదు, స్పోకుల చివర్లు రిమ్ము లోపలికి వస్తాయి కనుక. ఇప్పటి టైర్లలో చాలావరకు ట్యూబ్‌లెస్‌కని చేసినవి. వాటి లోపలి గోడ మీద కంపెనీ అంటించిన కాగితపు లేబులు ఒకటి ఉంటుంది, తపాలా బిళ్ల కన్నా కొంచెం పెద్దది. ట్యూబ్‌లెస్‌గా వాడితే దానివల్ల ఏ హానీ లేదు. ట్యూబు వేస్తే అది రోజంతా ఆ లేబులు అంచుకు రాసుకుంటుంది. గోరు ఆనిస్తే తెలిసీ తెలియనంత అంచు, కానీ కొన్ని వేల కిలోమీటర్లలో ట్యూబును కోసేస్తుంది. నాలుగింటిలోనూ లేబుళ్లు పీకి, జిగురు తుడిచి, చేతితో లోపలంతా తడిమి, ఫ్రెంచ్ చాక్ పౌడరు చల్లి ట్యూబులు వేశాం. రిమ్ము లోపల స్పోకుల చివర్లు రెండు పైకి పొడుచుకుని ఉంటే ఆకురాయితో రాపిడి చేసి, కొత్త రిమ్ టేపు చుట్టాం. ట్యూబులు రేడియల్‌కు తగినవీ, 165 కొలతవీ అయ్యుండాలి. పెద్ద ట్యూబు మడతపడుతుంది, మడత దగ్గరే తెగుతుంది.

బ్యాలెన్సింగు మెషిను మీద స్పోక్ చక్రాన్ని మామూలు కోను పెట్టి బిగిస్తే చక్రం నడిమధ్యన కూర్చోదు, మెషిను సున్నా చూపించినా రోడ్డు మీద వణుకుతుంది. హబ్బు రెండు వైపుల వాలుకూ సరిపోయే కోన్లు కావాలి. అవి లేనిచోట బ్యాలెన్స్ చేయించకపోవడమే నయం.

కొత్త టైరుకు అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పైపొర ఉంటుంది. మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు మలుపుల్లోనూ బ్రేకు మీదా నిదానంగా ఉండమన్నాను.

డిక్కీలో దొరికినది

పని అయిపోయిందనుకుని డిక్కీ సర్దుతుంటే స్టెప్నీ బయటపడింది. ట్రెడ్ నిండుగా, కొత్తదానిలా ఉంది. "అది ఎప్పుడూ వాడలేదు, బాగుంది కదా" అన్నారు. పక్కగోడ తుడిచి, తయారీ తేదీని చెప్పే డాట్ కోడు చూపించాను. చివరన మూడే అంకెలు. 2000 నుంచి ఆ చివర నాలుగంకెలు ఉంటున్నాయి, మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. మూడంకెలంటే అంతకుముందు తయారైనది. పాతికేళ్లు దాటిన రబ్బరు. బొటనవేలితో పక్కగోడను వంచితే లోపలి నుంచి సన్నటి గీతలు తెరుచుకున్నాయి. ఎండ తగలని చోట ఉన్నా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది, తిరగని టైరుకు ఇంకా తొందరగా. పాత బండ్లకు టైర్లు అరిగి చావవు, ఎండి చస్తాయి. నెలకు రెండుసార్లు తిరిగే బండి టైరు ట్రెడ్ పదేళ్లకు కూడా నిండుగానే ఉంటుంది, అందుకే ఎవరూ మార్చరు. ఐదో టైరుగా అదే 165 ఇంకోటి తెప్పించి వేశాం.

ఆరు నెలల తరువాత బండి మళ్లీ వచ్చింది, ఆయిల్ మార్చడానికి. ముందు టైర్ల మీద అరచేయి రెండువైపులా నిమిరాను, రెండువైపులా నున్నగానే ఉంది. ట్రెడ్ లోతు గేజితో లోపల, మధ్య, బయట మూడు చోట్లా కొలిచాను. బయటి భుజం మిగతా రెండింటి కన్నా అర మిల్లీమీటరు లోపే ఎక్కువ అరిగింది. పాజిటివ్ క్యాంబరు ఉన్న బండికి ఆ మాత్రం మామూలే. గాలి చూస్తే ముందు 24, వెనక 26 ఉన్నాయి. ముందు కుడి చక్రం స్పోకులు మళ్లీ తట్టి చూశాను, అరవైకి అరవై ఖంగుమన్నాయి.